కొత్త అక్వేరియంలో తెల్లరాళ్లు గోధుమరంగుకి తిరిగాయి, మొత్తం తీసి కడగాలా?

పర్లాకిమిడి నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. రెండడుగుల ట్యాంకు బరంపురంలో కొన్నారు. అడుగున తెల్లరాళ్లు, మధ్యలో అక్కడక్కడ నీలం రంగు రాళ్లు వేశారు. నీళ్లు ఇంటి బోరువి. చిన్న గోల్డ్‌ఫిష్‌లు పది వదిలారు. రెండు వారాలు అద్దంలా ఉందట. మూడో వారంలో తెల్లరాళ్ల మీద గోధుమరంగు పట్టింది, నీలం రాళ్లు కొన్ని వెలిసినట్టు కనిపిస్తున్నాయి. షాపులో అడిగితే రాళ్లు తీసి బ్లీచింగ్‌లో నానబెట్టమన్నారు, పక్కింటివాళ్లు సర్ఫ్ వేసి రుద్దమన్నారు, ఇంట్లోవాళ్లు అసలు రాళ్లే మార్చేద్దామంటున్నారు. ఏది చెయ్యాలి, చేపలకు ఏమైనా అవుతుందా అని ఆయన టెన్షన్.

మూడూ చెయ్యొద్దు. రాళ్లు పారేయక్కర్లేదు, ఒకేసారి మొత్తం బయటికి తీసి కడగొద్దు, బ్లీచింగ్, సర్ఫ్ ఆ ట్యాంకు దరిదాపులకు రానివ్వొద్దు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఆ గోధుమరంగు చాలావరకు డయాటమ్ అనే పాచి. కొత్త ట్యాంకులకు వచ్చి దానంతటదే పోయేదే. నీలం రాళ్లు వెలవడం మాత్రం వేరే సంగతి, దానికి కింద చెప్తాను. చేపల విషయానికొస్తే, ఆ గోధుమరంగు వల్ల వాటికి ఏమీ కాదు. పది చేపలు ఉండటమే అసలు ప్రమాదం.

నేను చాలా ఏళ్లు బరంపురంలో అక్వేరియం సామాన్ల దుకాణం నడిపాను. ఇప్పుడు దుకాణం లేదు. క్లినిక్కులు, బట్టల షాపులు, ఇళ్లలో ఉన్న ట్యాంకుల బాగోగులు చూస్తుంటాను. గుణుపురం, రాయగడ, అప్పుడప్పుడు జయపురం దాకా వెళ్తాను. రాళ్ల రంగు మారిందని వచ్చినన్ని ఫోన్లు నాకు చేపల జబ్బుల గురించి కూడా రావు. అందరూ ఒకటే మాట అంటారు, "రాళ్లు పాడైపోయాయి" అని. వెళ్లి చూస్తే ఒక్కో ఇంట్లో ఒక్కో కారణం. ఒక ఇంట్లో పాచి, ఇంకో ఇంట్లో బోరు నీళ్ల తుప్పు, మరో ఇంట్లో రాళ్లకు వేసిన రంగే ఊడిపోవడం. అది తెలుసుకోకుండా మందు వాడితే డబ్బు, చేపలు రెండూ పోతాయి.

ముందు కడగొద్దని ఎందుకు అంటున్నానో చెప్తాను. చేప మొప్పల నుంచి, మలం నుంచి, తినకుండా మిగిలిన మేత నుంచి నీళ్లలోకి అమ్మోనియా చేరుతుంది. అది చేపలకు విషం. దాన్ని ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది. నైట్రేట్ కొంచెం ఉన్నా చేప తట్టుకుంటుంది, మనం వారం వారం నీళ్లు మారిస్తే బయటికి పోతుంది. ఈ రెండు రకాల బాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉండవు. ఫిల్టర్ స్పాంజిని, రాళ్ల పైభాగాన్ని పట్టుకుని బతుకుతాయి. కొత్త ట్యాంకులో ఇవి సరిపడా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొరాపుట్, సెమిలిగుడ లాంటి చోట్ల ఇంకా ఎక్కువ పడుతుంది. దాదాపు 900 మీటర్ల ఎత్తు కదా, చలికాలం నీళ్లు చల్లబడితే బాక్టీరియా బద్ధకిస్తుంది.

ఇప్పుడు మీ ట్యాంకు మూడో వారంలో ఉంది. అంటే బాక్టీరియా ఇప్పుడిప్పుడే రాళ్ల మీద స్థిరపడుతోంది. సరిగ్గా ఈ సమయంలో రాళ్లన్నీ తీసి కుళాయి కింద రుద్దితే, బ్లీచింగ్ వేస్తే కట్టుకున్నదంతా పోయినట్టే. మళ్లీ మొదటి రోజుకి వచ్చేస్తారు, ట్యాంకులో పది చేపలతో సహా. రాయగడలో ఒక బట్టల షాపాయన పండగ ముందు ట్యాంకు మెరవాలని కుర్రాళ్ల చేత రాళ్లు, ఫిల్టర్, గోడలు అన్నీ ఒకే పూట సర్ఫ్‌తో కడిగించాడు. పండగనాటికి రాళ్లు తళతళలాడుతున్నాయి, చేపలు మాత్రం లేవు. సబ్బు సంగతి వేరే చెప్పాలి. ఎంత కడిగినా రాళ్ల సందుల్లో జిడ్డు మిగిలిపోతుంది, అది మొప్పల మీద పనిచేస్తుంది. అందుకే అక్వేరియం సామాన్లకు వాడే బకెట్టు, మగ్గు కూడా విడిగా పెట్టుకోవాలి, గిన్నెలు కడిగేవి కాదు.

ఇక ఆ గోధుమరంగు ఏమిటో మీరే తేల్చుకోవచ్చు. చెయ్యి శుభ్రంగా కడుక్కుని (సబ్బు లేకుండా) ముందు వరస నుంచి గుప్పెడు రాళ్లు తీసి తెల్ల పింగాణీ గిన్నెలో వెయ్యండి, మునిగేలా ట్యాంకు నీళ్లే పొయ్యండి. ఒక రాయిని బొటనవేలితో రుద్దండి. గోధుమరంగు మెత్తటి పొడిలా ఊడి, నీళ్లలో చిన్న పొగలా విడిపోయి, కింద రాయి తెల్లగా బయటపడితే అది డయాటమ్. అద్దం మీద కూడా వేలితో గీస్తే గీత పడుతుంది చూడండి, అదీ ఇదే. పైన ఉన్న రాళ్లకే పట్టి, రెండు వరసలు కిందకి తవ్వితే తెల్లరాళ్లు కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. వెలుతురు తగిలే చోటే అది పెరుగుతుంది.

డయాటమ్‌లు కంటికి కనపడనంత చిన్న జీవులు, ఒంటి చుట్టూ సిలికాతో చేసిన గుల్ల కట్టుకుంటాయి. సిలికా అంటే ఇసుకలో, గాజులో ఉండేదే. మన బోరు నీళ్లు రాతి పొరల్లోంచి వస్తాయి కాబట్టి సిలికా కరిగి ఉంటుంది. కొత్త ఇసుక, కొత్త రాళ్ల నుంచి కూడా కొంత దిగుతుంది. కొత్త ట్యాంకులో వీటికి పోటీగా మొక్కలు గానీ, ఆకుపచ్చ పాచి గానీ ఇంకా ఉండవు. అందుకే మొదటి రెండు నెలలు వీటిదే రాజ్యం. ఉన్న సిలికా వాడేసుకున్నాక, ట్యాంకు కుదుటపడ్డాక తగ్గిపోతాయి. మీరు ఏమీ చెయ్యకపోయినా చాలా ట్యాంకుల్లో ఇంతే జరుగుతుంది. కానీ బోరు నీళ్లతో నీళ్లు మార్చిన ప్రతిసారీ కొత్త సిలికా వస్తుంది కాబట్టి మన వైపు ఇంకొన్ని వారాలు పట్టినా కంగారు పడొద్దు.

ఇది డయాటమ్ అని తేలితే చెయ్యాల్సింది చిన్న పని. ట్యాంకు లైటు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు. దీపాల వేళ నుంచి పడుకునేదాకా వెయ్యండి, పగలంతా అక్కర్లేదు. కిటికీ ఎండ నేరుగా పడుతుంటే ట్యాంకు జరపండి లేదా తెర వెయ్యండి. "ఎండ తగిలితే పాచి చస్తుంది" అని కొందరు చెప్తారు. ఎండలో గోధుమరంగు పోయి ఆకుపచ్చది వస్తుంది, అంతే తేడా. అద్దం లోపలివైపు పాత ఏటీఎం కార్డుతో గీకెయ్యండి. వారానికి ఒకసారి పావువంతు నీళ్లు మార్చేటప్పుడు పైపుతో రాళ్ల పైభాగం లాగెయ్యండి.

ఆ పైపు గురించి ఒక్క మాట. షాపుల్లో సైఫన్ అని అమ్ముతారు, లేకపోతే ఇంట్లో చేసుకోవచ్చు. చిన్న నీళ్ల బాటిల్ అడుగు కోసేసి, మూతకు రంధ్రం చేసి, సన్న ప్లాస్టిక్ ట్యూబు బిగించండి. వెడల్పుగా ఉన్న వైపు రాళ్లలోకి నిటారుగా గుచ్చండి. నీళ్లు కిందకి పారుతుంటే రాళ్లు బాటిల్‌లో సగం దాకా లేచి గిరగిరా తిరుగుతాయి, మురికి తేలికగా ఉంటుంది కాబట్టి ట్యూబులోకి పోతుంది, రాళ్లు బరువుకి మళ్లీ కింద పడతాయి. నీళ్లు తేటగా వస్తున్నాయనగానే తీసి పక్కన గుచ్చండి. ఒక వారం ఎడమ పక్క, ఇంకో వారం మధ్య, మరో వారం కుడి పక్క. ఒక్కసారికి మూడోవంతు కంటే ఎక్కువ రాళ్లను కదపొద్దు. నోటితో పీల్చి నీళ్లు మొదలుపెట్టేవాళ్లను చూస్తుంటాను, ఆ అలవాటు వద్దు. ట్యూబు మొత్తం ట్యాంకులో ముంచి, నీళ్లు నిండాక ఒక కొస వేలితో మూసి కిందకి దించితే అదే పారుతుంది.

రుద్దినా పోకుండా, నారింజ ఎరుపు కలిసిన రంగులో రాయికి పట్టుకుని ఉందనుకోండి. అప్పుడు మీ బోరును అనుమానించాలి. ఒడిశాలో చాలా జిల్లాల భూగర్భ జలాల్లో ఇనుము ఎక్కువ, ఇది కొత్త సంగతి కాదు. భూమి లోపల గాలి తగలదు కాబట్టి ఆ ఇనుము నీళ్లలో కరిగి, రంగు లేకుండా ఉంటుంది. బోరు మోటారు వేసినప్పుడు నీళ్లు తేటగానే వస్తాయి. గాలి తగిలాక తుప్పుగా మారి మెల్లగా అడుగుకి దిగుతుంది. ట్యాంకులో ఎయిర్ పంప్ బుడగలు నిమిషం ఆగకుండా గాలి కొడుతుంటాయి కదా, అక్కడ ఈ పని ఇంకా చురుగ్గా సాగుతుంది. మీ స్నానాల గది టైల్స్ మీద, కుళాయి కింద ఎర్రచారలు ఉంటే సగం జవాబు దొరికినట్టే.

దీనికి పరీక్ష చాలా తేలిక. తెల్ల బకెట్టులో బోరు నీళ్లు పట్టి, రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారి అడుగున పసుపు, ఎరుపు మడ్డి కనిపిస్తే ఇనుము ఉంది. గుణుపురం దగ్గర ఒక క్లినిక్‌లో ఇదే గొడవ. రాళ్లు రెండుసార్లు కొత్తవి వేయించుకున్నారు, రెండుసార్లూ అంతే. నేను రాళ్ల సంగతి వదిలేసి ఒక డ్రమ్ము పెట్టించాను. బోరు నీళ్లు ముందు డ్రమ్ములో పట్టి, రాత్రంతా ఎయిర్ పంప్ పెట్టి, తర్వాత పంప్ ఆపి ఒక రోజు తేరనిచ్చి, పైనున్న నీళ్లు మాత్రమే ట్యాంకుకు వాడాలి. అడుగు నీళ్లు మొక్కలకు. అప్పటి నుంచి వాళ్ల రాళ్లు రంగు మారలేదు. పట్టేసిన తుప్పు పోవాలంటే రాళ్లు కొన్ని కొన్నిగా తీసి నిమ్మరసం కలిపిన నీళ్లలో నానబెట్టి, మంచినీళ్లలో చాలాసార్లు జాడించి వెయ్యండి. కానీ దానికి ముందు కింది పేరా చదవండి.

తెల్లరాళ్ల పేరుతో మన దగ్గర అమ్మేవాటిలో చాలావరకు పాలరాయి ముక్కలు. పొడిగా ఉన్న రాయి మీద నిమ్మరసం రెండు చుక్కలు వేసి చూడండి, సన్నగా నురగ వస్తే పాలరాయి, అంటే సున్నపు జాతి. దాన్ని నిమ్మరసంలో నానబెడితే మచ్చతో పాటు రాయీ కరుగుతుంది, మెరుపు పోయి గరుకవుతుంది, తర్వాత ఇంకా త్వరగా మురికి పడుతుంది. అలాంటివాటిని బ్రష్‌తో రుద్దుకోవడమే. ఏమీ రాకపోతే క్వార్ట్జ్, అంటే పలుగురాయి, దానికి ఏ భయమూ లేదు. పాలరాయి ట్యాంకులో నీళ్లు గట్టిపడతాయి (సున్నం పాలు ఎక్కువవుతుంది), పీహెచ్, అంటే నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత, పెరుగుతుంది. గోల్డ్‌ఫిష్‌కు గట్టి నీళ్లు పడతాయి కాబట్టి పారేయమని అనను. కానీ పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియా విషం కూడా పెరుగుతుంది. అదే అమ్మోనియా, అదే పరిమాణం, కానీ 7 దగ్గర ఉన్న నీళ్లకంటే 8 దగ్గర ఉన్న నీళ్లలో చేపను ఎక్కువ బాధపెడుతుంది. బోరు నీళ్లు, పాలరాళ్లు, పది గోల్డ్‌ఫిష్‌లు, మూడో వారం: ఈ నాలుగూ ఒకచోట చేరితే నాకు రాళ్ల రంగు అసలు గుర్తే రాదు.

నీలం రాళ్ల గురించి. అవి పుట్టుకతో నీలం కాదు, మామూలు రాళ్లకు రంగు వేస్తారు. మంచి రకానికి పైన రెజిన్ పూత ఉంటుంది, ఏళ్ల తరబడి ఊడదు. చవక రకం రెండు వారాలకే పెచ్చులు లేస్తుంది. గోల్డ్‌ఫిష్ రోజంతా రాళ్లు నోట్లో వేసుకుని ఉమ్ముతుంది కాబట్టి ఇంకా త్వరగా ఊడుతుంది. వాటిని నాలుగైదు తీసి గోరువెచ్చటి నీళ్లలో ఒక పూట ఉంచి, తెల్లగుడ్డతో గట్టిగా రుద్దండి. గుడ్డకు నీలం అంటినా, గోటితో గీకితే పొరలా వచ్చినా ఆ రాళ్లు మాత్రం తీసేయండి. అందులో ఏ రంగు వాడారో అమ్మినవాడికే తెలియదు. అక్కడక్కడ వేశానన్నారు కాబట్టి చేత్తో ఏరెయ్యొచ్చు, ఒక వారం సగం, తర్వాతి వారం సగం. గుడ్డకు ఏమీ అంటకపోతే, అవి వెలిసినట్టు కనిపిస్తున్నది పైన పట్టిన గోధుమరంగు పొర వల్లే. రుద్దితే నీలం బయటికి వస్తుంది.

మీకు వర్తించకపోయినా ఇది చదివే మిగతావాళ్ల కోసం ఇంకొన్ని చెప్తాను. రాళ్లు మొదటి రోజు నుంచే గోధుమరంగులో ఉన్నాయంటే వేసేముందు పొటాషియం పర్మాంగనేట్‌లో కడిగారేమో గుర్తు తెచ్చుకోండి. ఆ గులాబీ నీళ్లు తెల్లరాయి మీద గోధుమ మచ్చ వదులుతాయి, రుద్దితే రాదు. చేపలకు జబ్బు చేసిందని నీలం మందు పోస్తే తెల్లరాళ్లు, ట్యాంకు మూలల్లో అద్దాలను అతికించిన సిలికాన్ జిగురు కూడా నీలమవుతాయి. రాళ్ల నీలం కొంత పోతుంది, సిలికాన్‌ది చాలాకాలం ఉండిపోతుంది. జబ్బు చేపను విడిగా బకెట్టులో పెట్టి మందు వేస్తే ఈ తంటా ఉండదు. అలంకారానికి పెట్టిన కొయ్య నుంచి టీ రంగు దిగి రాళ్లు పసుపు తిరగడం మామూలే. కొయ్యను ముందుగా వారం పది రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టుకోవాలి.

నీలం ఆకుపచ్చ కలిసిన రంగులో జారుడుగా, దుప్పటిలా రాళ్లను కప్పి, పట్టి లాగితే ఒక ముక్కగా లేచి, మట్టి కంపు కొడితే అది పాచి కాదు, పాచిలా కనిపించే సైనోబాక్టీరియా అనే ఒక రకం బాక్టీరియా. దాన్ని సైఫన్‌తో లాగెయ్యాలి, మూడు రోజులు ట్యాంకుకు నల్లగుడ్డ కప్పాలి, నీళ్లు కదలని మూల లేకుండా ఫిల్టర్ ముఖం తిప్పాలి. ట్యాంకులో యాంటీబయాటిక్ మాత్రలు పొడి చేసి వేయమని చెప్పేవాళ్లుంటారు. ఆ సలహా వినొద్దు, మంచి బాక్టీరియా కూడా పోతుంది.

పైన బాగుండి, అద్దం పక్క నుంచి చూస్తే రాళ్ల కింద నల్లటి పొర కనిపిస్తే అక్కడికి గాలి అందడం లేదని. పెన్సిలుతో గుచ్చితే బుడగలు లేచి కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఇది సన్న ఇసుకను మూడంగుళాల పైన పరిచినవాళ్లకు ఎక్కువ వస్తుంది. దాన్ని ఒక్కసారిగా కలబెట్టకుండా కొంచెం కొంచెంగా సైఫన్ చేస్తూ తగ్గించుకోవాలి. మీలాంటి రెండడుగుల ట్యాంకుకు ఒకటిన్నర అంగుళాల మందం చాలు, అంటే సుమారు పది కిలోల రాళ్లు. షాపులో పాతిక కిలోలు అంటగడతారు, చూసుకోండి.

మా గంజాం వైపు ఇంకో ప్రత్యేక తమాషా ఉంది. గోపాలపురం, ఛత్రపురం బీచ్‌లకు షికారుకెళ్లి, సంచిలో ఇసుక తెచ్చి ట్యాంకులో వేస్తారు. వారానికి నల్ల చారలు, ఎర్ర చారలు తేలతాయి, "బూజు పట్టింది" అని నాకు ఫోన్. అది బూజు కాదు. ఆ తీరపు ఇసుకలో నల్లటి ఇల్మనైట్, ఎర్రటి గార్నెట్ ఉంటాయి, బరువైన రేణువులు. చేప తవ్వినప్పుడల్లా తేలిక ఇసుక పక్కకు పోయి ఇవి గుంపుగా బయటపడతాయి. ఛత్రపురంలో ఐఆర్‌ఈఎల్ కంపెనీ ఓస్కామ్ ప్లాంటు ఉన్నది ఆ ఖనిజాల కోసమే. అదే ఇసుకలో థోరియం అనే రేడియోధార్మిక పదార్థం ఉన్న మోనజైట్ ఖనిజం కూడా ఉంటుంది. పైగా ఉప్పు, గవ్వల ముక్కలు. అది తెచ్చుకోవద్దనే చెప్తాను, చేపకీ మంచిది కాదు, తీరానికీ మంచిది కాదు.

మీ ఊళ్లో మహేంద్రతనయ నది గులకరాళ్లు ఏరి తెచ్చేవాళ్లు ఉంటారు. గట్టి నున్నటి రాయి అయితే పర్వాలేదు, పై నిమ్మరసం పరీక్ష చేసి, బాగా కడిగి, ఎండబెట్టి వాడుకోవచ్చు. కానీ ఎర్రగా, పొడిపొడిగా రాలే రాళ్లు ఏరొద్దు. మన తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉండే ఖొండలైట్ అనే రాయి వాతావరణానికి అలా ఎర్రబడి మెత్తబడుతుంది. ట్యాంకులో వేస్తే ఎర్రమట్టి దిగుతూనే ఉంటుంది. నది రాళ్లను కుండలో వేసి ఉడకబెట్టడం కూడా మంచిది కాదు. లోపల నీరు చిక్కిన రాయి పేలి ముక్కలు కంట్లో పడొచ్చు.

ఇప్పుడు మీ చేపల సంగతి. రెండడుగుల ట్యాంకు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అనుకుంటే అంచు దాకా లెక్కేసినా 56 లీటర్లే. రాళ్లు, పైన వదిలిన ఖాళీ పోను 45 లీటర్లు మిగులుతాయి. అందులో పది గోల్డ్‌ఫిష్‌లు చాలా ఎక్కువ. షాపులో అవి వేలంత ఉంటాయి, పెరిగితే అరచేయంత అవుతాయి. మురికి ఎక్కువ చేసే చేపలు కూడా ఇవి. రెండు ఉంచుకోండి. మిగతావాటిని షాపువాళ్లు తిరిగి తీసుకుంటారేమో అడగండి, లేదా సిమెంటు తొట్టి ఉన్నవాళ్లకు ఇవ్వండి. నదిలో, చెరువులో వదలడం పుణ్యం అనుకుంటారు కొందరు, దయచేసి ఆ పని చెయ్యొద్దు.

ఈ సందర్భంలోనే, పాచి తింటుందని షాపువాడు నల్లటి సక్కర్ చేపను అమ్మజూపుతాడు. తీసుకోవద్దు. అది అడుగు దాటి పెరుగుతుంది, పెద్దయ్యాక పాచి మానేసి మేత కోసం చూస్తుంది, రాత్రిళ్లు గోల్డ్‌ఫిష్ ఒంటి మీది జిగురు గీకుతుంది. ఇలా కొని, పెరిగాక వదిలేసినవే ఆంధ్రలో చెరువులు, కాలువల్లోకి చేరి వలలు చింపుతున్నాయి. అక్కడ రైతులు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. మహేంద్రతనయ పోయి కలిసేది వంశధారలో, వంశధార పోయేది శ్రీకాకుళం మీదుగా. మన సరదా వాళ్ల వలల్లో పడకూడదు కదా.

చేపలు తగ్గించేదాకా రోజు విడిచి రోజు పావువంతు నీళ్లు మార్చండి. మేత రోజుకు ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినేసేంతే. ఫిల్టర్ స్పాంజి కుళాయి కింద కడగొద్దు, ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండండి. కరెంటు పోయినప్పుడు తప్ప ఫిల్టర్ ఆపొద్దు, రాత్రిపూట చప్పుడని ఆపేసేవాళ్లు చాలామంది. మీవి బోరు నీళ్లు కాబట్టి క్లోరిన్ పోగొట్టే చుక్కలు అక్కర్లేదు. మునిసిపాలిటీ కుళాయి నీళ్లు కలిపితే మాత్రం చుక్కలు తప్పనిసరి. వీలైతే అమ్మోనియా టెస్ట్ కిట్ ఒకటి కొనుక్కోండి. కొత్త రాళ్లకు పెట్టే డబ్బు దానికి పెడితే ఉపయోగం. రీడింగ్ సున్నా కాకుండా వచ్చిన ప్రతిసారీ నీళ్లు మార్చడమే మందు. చేపలు పైకొచ్చి నోరు తెరిచి గాలి పీలుస్తున్నా, మొప్పలు ఎర్రగా కందినట్టున్నా కిట్ కోసం ఆగకండి, వెంటనే సగం నీళ్లు మార్చండి. కొత్త నీళ్లు పాత నీళ్లంత వెచ్చగానే ఉండాలి.

రాళ్లు తెల్లగానే ఉండాలని పట్టుదల ఉంటే ఒక మాట చెప్పనివ్వండి. తెల్లరాయి మీద ఏది పడినా కనిపిస్తుంది, మీరు వారం వారం శుభ్రం చేస్తూనే ఉండాలి. చేప కూడా తెల్లటి నేల మీద తన రంగు తగ్గించుకుంటుంది. అదే గోల్డ్‌ఫిష్‌ను ముదురు గోధుమరంగు నదిరాళ్ల మీద పెట్టి చూడండి, కొన్ని వారాల్లో నారింజ రంగు ఎక్కి కనిపిస్తుంది. బట్టల షాపులవాళ్లు మొదట ఒప్పుకోరు, తెల్లవే కావాలంటారు. ఒక ట్యాంకు మార్చాక రెండోదానికి వాళ్లే అడుగుతారు. మార్చాలనుకుంటే ఆరు వారాలు దాటాక, మూడోవంతు చొప్పున మార్చుకోండి, ఫిల్టర్‌ను ఆ వారాల్లో ముట్టుకోవద్దు.

మీరు ఇక్కడ రాయాల్సినవి మూడు: వేలితో రుద్దితే ఏమైంది, బకెట్టు అడుగున తెల్లారి ఏం కనిపించింది, తెల్లగుడ్డకు నీలం అంటిందా లేదా. ఫిల్టర్ ఏ రకమో కూడా రాయండి, స్పాంజా, పవర్ ఫిల్టరా, రాళ్ల కింద ప్లేటు పెట్టే రకమా. ప్లేటు రకమైతే రాళ్లే మీ ఫిల్టర్, అప్పుడు కడగడంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఫొటో పెడితే ట్యాంకు నీలం ఎల్‌ఈడీ ఆపేసి, గది ట్యూబ్‌లైటు వెలుతురులో తీయండి. నీలం లైటు కింద గోధుమరంగు కూడా నల్లగా పడుతుంది, చూసినవాళ్లు ఏదేదో చెప్తారు.